అరుపూ, రాగమూ, మధ్యలో గొంతూ

2019 వేసవిలో అమ్మా నాన్నా మొదటిసారి వచ్చినప్పుడు, బ్రాడ్లీ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొస్తుంటే జరిగిన పొరపాటిది. కారు స్టార్టు చెయ్యగానే నా ఫోను బ్లూటూత్‌కి తగులుకుని, పొద్దున ఆఫీసుకెళ్తూ నేనెక్కడ ఆపానో సరిగ్గా అక్కణ్ణుంచి పాట అందుకుంది. పాట అనే మాట నాది. వెనక సీట్లోంచి అమ్మ "రామ రామ, ఎవర్నిరా చంపుతున్నారు?" అంది. నేను గబగబా తడుముకుని ఆపబోతుంటే ముందు సీట్లో కూర్చున్న నాన్న "ఉండనీ" అన్నారు. ఇరవైరెండు గంటలు ప్రయాణం చేసొచ్చిన మనిషి, కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళు కదుపుతూ ఆ పాట మొత్తం విన్నారు. అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఈ అరిచేవాడి గొంతు ఎన్నాళ్ళుందిరా?"

నాన్నకి ఇంగ్లీషు పాటలు తెలీవు. కానీ పగలు తాలూకాఫీసులో గుమాస్తాగిరీ చేసి, రాత్రుళ్ళు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో పద్యనాటకాలకి హార్మోనీ వాయించిన మనిషి. ఆయన అడిగింది మామూలు ప్రశ్న కాదు. ఆ ఆల్బం చరిత్ర మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అది తెలిసి అడిగారా అంటే, కాదు. చెవి అడిగించింది.

ఆల్బం పేరు ఎలైవ్ ఆర్ జస్ట్ బ్రీదింగ్. మే 2002లో వచ్చింది. కట్టింది కిల్‌స్విచ్ ఎంగేజ్ అనే బృందం. (పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఎక్స్ ఫైల్స్ అనే టీవీ సీరియల్లో 1998లో కిల్ స్విచ్ అని ఒక ఎపిసోడు ఉంది, దాన్లోంచి. ఆ ఎపిసోడు రాసినవాళ్ళలో ఒకాయన విలియం గిబ్సన్. సైబర్‌స్పేస్ అనే మాటని పుట్టించిన ఆయనే. కాబట్టి మన వృత్తికీ దీనికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.) ఈ రకం సంగీతాన్ని మెలోడిక్ మెటల్‌కోర్ అంటారు. పేరు చూసి భయపడకండి, నేను నెమ్మదిగా విప్పుతాను.

ముందు ఊరి గురించి చెప్పాలి. మసాచుసెట్స్ రాష్ట్రానికి పడమటి వైపు వెస్ట్‌ఫీల్డ్ అని ఒక చిన్న ఊరుంది. నేను పనిచేసే హార్ట్‌ఫర్డ్ నుంచి కారులో ముప్పావుగంట. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్ళో ఒకటే పని, గుర్రబ్బళ్ళ వాళ్ళకి కొరడాలు తయారుచెయ్యడం. డజన్లకొద్దీ కొరడా ఫాక్టరీలు ఉండేవి. ఇప్పటికీ ఆ ఊరికి విప్ సిటీ అనే ముద్దుపేరుంది. కార్లొచ్చాయి, గుర్రాలు పోయాయి, కొరడాలు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. పక్కనే స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడ 1794 నుంచీ తుపాకులు చేసిన ప్రభుత్వ ఆయుధాగారం 1968లో మూతపడింది. దాని పక్కన హోల్యోక్, కాగితం మిల్లుల ఊరు, అదీ అంతే. నదుల వెంబడి పొడుగాటి ఎర్ర ఇటుకల మిల్లులు, సగం కిటికీలకి చెక్కలు కొట్టి ఉంటాయి. నేను మొదటిసారి ఆ దారంట వెళ్ళినప్పుడు మా వైపు మూతబడ్డ జూటు మిల్లులు గుర్తొచ్చాయి. ఇలాంటి ఊళ్ళల్లో పదహారేళ్ళ కుర్రాళ్ళకి శనివారం రాత్రి చెయ్యడానికేం ఉంటుంది? కొంతమంది బాస్కెట్‌బాల్ ఆడతారు (అది పుట్టింది కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే, 1891లో). మిగతావాళ్ళు గిటార్లు పట్టుకుంటారు.

ఇప్పుడు కాస్త వెనక్కి. మెటల్‌కోర్ అనే మాటలో కోర్ అనేది హార్డ్‌కోర్ పంక్ నుంచి వచ్చింది. 1970ల చివర్లో వాషింగ్టన్‌లో బాడ్ బ్రెయిన్స్ అని నలుగురు నల్లజాతి కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. మొదట్లో జాజ్ ఫ్యూజన్ వాయించేవాళ్ళు, అంటే చేతిలో విద్య ఉన్నవాళ్ళు. ఆ విద్యనంతా వేగంలోకి మళ్ళించారు. వాళ్ళ పాటల్లో ఒక మాట పదే పదే వస్తుంది, పీఎమ్ఏ అని. పాజిటివ్ మెంటల్ ఆటిట్యూడ్. అదెక్కడిదో తెలిస్తే మీరు నవ్వుతారు. గాయకుడికి వాళ్ళ నాన్న చదవమని ఇచ్చిన నెపోలియన్ హిల్ పుస్తకం థింక్ అండ్ గ్రో రిచ్ లోది. అవును, మన కోఠీ ఫుట్‌పాత్ మీద యండమూరి విజయానికి ఐదు మెట్లు పక్కన పేర్చిపెట్టి అమ్మేది, ఆ పుస్తకమే! క్యాంపస్ ఇంటర్వ్యూల ముందు మా హాస్టల్లో చేతులు మారీ మారీ అట్టలూడిపోయిన పుస్తకం, అమెరికాలో అంత హోరు సంగీతానికి మంత్రం ఇచ్చిందంటే నాకు చాలారోజులు నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఊళ్ళోనే మైనర్ థ్రెట్ అనే ఇంకో బృందం, తాగను, పొగతాగను, మత్తుమందు ముట్టను అని 1981లో నిమిషం కూడా లేని ఒక పాట కట్టింది. దాన్ని పట్టుకుని దేశమంతా కుర్రాళ్ళు అదొక దీక్షలా తీసుకున్నారు. బోస్టన్ వాళ్ళు మరీ పట్టింపుగా తీసుకున్నారు. హార్డ్‌కోర్ కచేరీలు పెద్ద హాళ్ళలో జరిగేవి కావు. మాజీ సైనికుల సంఘం హాళ్ళు, చర్చిల కింద సెల్లార్లు. బారులో పెడితే ఇరవై ఒకటి నిండనివాళ్ళని రానివ్వరు కదా, అందుకని. కొద్ది డాలర్ల టికెట్టు. చాలాచోట్ల స్టేజి అంటూ ఉండదు, పాడేవాడూ వినేవాడూ ఒకే నేల మీద నిలబడతారు. పాడేవాడు మధ్యలో మైకు జనం మీదకి చాపితే, ముందున్న పదిమందీ దాని మీద పడి ఆ లైను వాళ్ళే అరుస్తారు. చొక్కాలు తడిసి ముద్దవుతాయి. నేను ఇది మొదట వీడియోలో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది నాటకాల పందిరి. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే ముందు వరసలో చాపల మీద కూర్చున్న ముసలాళ్ళందరూ పెదాలు కదుపుతూ కూడా పాడడం, అయిపోగానే "వన్స్ మోర్" అని కేకలు. అక్కడ వాళ్ళకీ మాటలన్నీ కంఠతా వచ్చు, ఇక్కడ వీళ్ళకీ వచ్చు.

హార్డ్‌కోర్‌లో లేనిది రాగం. కావాలనే ఉంచుకోలేదు. బాణీ, సోలోలు, పాండిత్యం ఇవన్నీ మెటల్ వాళ్ళ డాంబికాలని వీళ్ళ అభిప్రాయం. వీళ్ళు చదువురాని మూకని మెటల్ వాళ్ళ అభిప్రాయం. 1980లలో న్యూయార్కులో ఈ రెండు గుంపులూ ఒకే క్లబ్బుల్లో ఎదురుపడి, కొట్టుకుని, మెల్లిగా ఒకళ్ళ సరుకు ఒకళ్ళు దొంగిలించుకోవడం మొదలైంది. అక్కణ్ణుంచి వచ్చిందే బ్రేక్‌డౌన్. పాట పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి సగం వేగానికి పడిపోతుంది. డప్పు వాయించేవాళ్ళు దరువు మార్చగానే కాళ్ళు వాటంతటవే అడుగు మార్చుకుంటాయి చూడండి, అలాగ.

ఇక రాగం ఎక్కణ్ణుంచి వచ్చింది? స్వీడన్ నుంచి. గోథెన్‌బర్గ్ అనే రేవు పట్టణంలో 1990లలో ఒకే వయసు కుర్రాళ్ళు మూడు నాలుగు బృందాలు కట్టారు. ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఎట్ ది గేట్స్. వీళ్ళు డెత్ మెటల్ హోరుకి, ఐరన్ మెయిడెన్ వాళ్ళ జంట గిటార్ల బాణీలని అతికించారు. జంట గిటార్లంటే ఒకటి షడ్జమం దగ్గర మొదలుపెడితే రెండోది గాంధారం దగ్గర మొదలుపెట్టి, రెండూ చేతులు పట్టుకుని నడిచినట్టు ఒకే వరసలో సాగుతాయి. ఎట్ ది గేట్స్ 1995లో స్లాటర్ ఆఫ్ ది సోల్ అనే ఆల్బం తెచ్చింది. అరగంట పైన నాలుగు నిమిషాలు, ఎక్కడా ఒక్క గ్రాము కొవ్వు లేదు. మరుసటేడే బృందం విడిపోయింది. కానీ ఆ ఆల్బం అట్లాంటిక్ దాటి న్యూ ఇంగ్లాండ్ హార్డ్‌కోర్ పిల్లల చేతుల్లో పడింది, వాళ్ళు దాన్ని మన సుందరకాండ పారాయణంలా విన్నారు. ఆ తర్వాత పదేళ్ళపాటు అమెరికాలో వచ్చిన మెటల్‌కోర్ బాణీల్లో సగానికి సగం దాన్నుంచి ఎత్తుకొచ్చినవే అంటే అతిశయోక్తి కాదు, నా లెక్క ప్రకారం తక్కువ చెప్పడమే. (దాన్లో పాడిన తోమస్ లిండ్‌బర్గ్ 2025 సెప్టెంబరులో చనిపోయాడు. నోటి కాన్సరు.)

సరే, వెస్ట్‌ఫీల్డ్‌కి వద్దాం. 1990లలో మసాచుసెట్స్‌లో ఓవర్‌కాస్ట్, ఆఫ్టర్‌షాక్ అని రెండు బృందాలు ఉండేవి. రెండూ ఈ ఇంట పెళ్ళి ఆ ఇంట పెళ్ళి చేసుకున్న రకం, సగం హార్డ్‌కోర్ సగం మెటల్. రెండూ విడిపోయాయి. ఓవర్‌కాస్ట్ నుంచి బేస్ గిటారు వాయించే మైక్ డాంటోనియో, ఆఫ్టర్‌షాక్ నుంచి ఆడమ్ డుట్కీవిచ్, జోయెల్ స్ట్రోట్జెల్ కలిసి 1999లో కొత్తది మొదలుపెట్టారు. పాడడానికి రోడ్ ఐలాండ్ నుంచి జెస్సీ లీచ్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. ఈ నలుగురిలో కీలకం ఆడమ్. బోస్టన్‌లో బర్క్‌లీ సంగీత కళాశాలలో రికార్డింగూ బేసూ చదువుకున్నాడు. ఈ ఆల్బంలో డ్రమ్ములు వాయించింది ఆయనే, గిటారు కొంత ఆయనే, వెనక గొంతు ఆయనదే, ప్రొడ్యూసరూ ఆయనే. మన స్టార్టప్పుల్లో కోడు రాసేవాడే టెస్టింగు చేసి, సర్వర్లు చూసుకుని, మధ్యాహ్నం పీజ్జా కూడా తెచ్చినట్టు. ఊళ్ళోనే జింగ్ అనే స్టూడియోలో రికార్డు చేశారు. మిక్సింగుకి ఇంగ్లాండులో ఆండీ స్నీప్ దగ్గరికి పంపించారు. అట్ట మీద బొమ్మ డాంటోనియో వేసుకున్నాడు. అచ్చేసింది మాత్రం రోడ్‌రన్నర్, అప్పటికి స్లిప్‌నాట్‌తో బాగా సొమ్ము చూసిన కంపెనీ. వీళ్ళ మొదటి ఆల్బం 2000లో ఫెర్రెట్ అనే చిన్న కంపెనీ నుంచి వచ్చి ఆ సర్కిల్లోనే మిగిలిపోయింది. రోడ్‌రన్నర్ ముద్ర పడడంతో రెండోది సూపర్ మార్కెట్ల దాకా వెళ్ళింది.

అసలు ఇందులో ఏముందని? నా చెవికి తెలిసినంతలో చెప్తాను. గిటారుకున్న ఆరు తీగల్లో లావుపాటి తీగని మిగతా వాటికన్నా ఎక్కువ సడలిస్తారు. అలా సడలించాక, ఏమీ నొక్కకుండా కింది స్థాయి మూడు తీగలూ మీటితే వచ్చేది స, ప, పై స. అంతే. మన తంబురా శ్రుతే. ఒక్క వేలు అడ్డంగా వేసి జరుపుకుంటూ పోతే ఆ శ్రుతి మొత్తం జరుగుతుంది. గాంధారం ఉండదు కాబట్టి ఎంత డిస్టార్షన్ పెట్టినా బురదవ్వదు. దాని మీద బాణీ ఎక్కువగా వాళ్ళ మైనరు స్కేల్లో నడుస్తుంది. అవి మన నటభైరవి స్వరాలు. అక్కడక్కడా నిషాదం పైకి జరిగిందంటే కీరవాణి స్వరాలు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన వాడికి ఈ మెట్లు పరాయివి కావు. గమకం లేదు కాబట్టి రాగం అనడానికి వీల్లేదు. నాన్న కూడా మోకాలి మీద వేళ్ళు ఆపి అదే అన్నారు, "రాగం కాదుగానీ, మెట్లు మనవే."

రెండోది, పాట కట్టుబడి. చరణం అరుపు. పల్లవి దగ్గరికొచ్చేసరికి అదే గొంతు ఒక్కసారి తెరుచుకుని శుభ్రంగా పాడుతుంది. ఇది వీళ్ళు కనిపెట్టింది కాదు, అంతకుముందు అక్కడక్కడా ఉంది. కానీ ఇంత నమ్మకంగా, సిగ్గుపడకుండా పాడినవాళ్ళు తక్కువ. ఆ తర్వాత ఇదొక ఫార్ములా అయిపోయి, వందల బృందాలు కాపీ కొట్టి విసిగించాయనుకోండి, అది వేరే సంగతి. మై లాస్ట్ సెరనేడ్ అనే పాటలో ఆ తెరుచుకునే క్షణం దగ్గర నాకిప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. హరిశ్చంద్ర నాటకంలో వారణాసి సీనులో, గడగడా వచనం చెప్తున్నవాడు టక్కున ఆపి ఊపిరి పీల్చి పద్యం ఎత్తుకుంటాడు చూడండి. హార్మోనీ కూడా ఆ ఊపిరికి ఒక్క క్షణం ఆగుతుంది. అదే.

మూడోది, మాటలు. ఆ రోజుల్లో రేడియోలో ఆడుతున్న మెటల్ అంతా ఆత్మద్వేషం, నాన్న మీద కోపం, నన్నెవరూ అర్థం చేసుకోరు అనే వరస. ఈ ఆల్బం అలా కాదు, పూర్తిగా ప్రేమా ఐకమత్యమూ నిలబడడమూ గురించి. బాడ్ బ్రెయిన్స్ మార్కు పీఎమ్ఏ. అరుపు విని తిట్టనుకుంటాం, కాయితం మీద చూస్తే దాదాపు ప్రార్థన.

ఇక గొంతు సంగతి. జెస్సీ లీచ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అరవడానికీ పద్ధతుంది. అసలు స్వరతంతువుల మీద భారం వెయ్యకుండా వాటి పైనున్న మడతలతో, పొట్టలోంచి ఊపిరి పట్టి చెయ్యాలి. ఆయన పచ్చిగొంతుతో చించుకున్నాడు. ఆల్బం బయటికొచ్చింది, ఊళ్ళవెంట వాను ప్రయాణాలు మొదలయ్యాయి, రాత్రికో కచేరీ. గొంతు దెబ్బతింది. కొత్తగా పెళ్ళయినవాడు, ఇల్లొదిలి తిరుగుతున్నాడు. డిప్రెషన్ పట్టుకుంది. మిగతా ఎవరికీ మొహం మీద చెప్పలేక, ఆల్బం వచ్చిన ఏడాదే, ఒక ఈమెయిల్ పంపి బృందం వదిలేశాడు. నిలబడండి, ఆశ వదలకండి అని ముప్పావుగంట పాడిన మనిషి. వెక్కిరించడానికి చెప్పట్లేదు. ఆ ఈమెయిల్ సంగతి తెలిసిన రోజే నాకీ ఆల్బం నాదైంది.

అది 2014 చలికాలం. ఎమ్మెస్ అయ్యి రెండేళ్ళు. హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్సు క్లయింటు దగ్గర ప్రాజెక్టు అర్ధాంతరంగా ఆగిపోయి నన్ను బెంచి మీద వేశారు. మా కన్సల్టెన్సీ వాడు రేపు మాపు అంటూ జీతం ఆపేశాడు. గెస్టు హౌసులో ఆరుగురం, హాల్లో నా పరుపు. బయట మోకాలి లోతు మంచు. ప్రతి ఆదివారం పొద్దున నాన్న ఫోను. "అంతా బావుందా?" "బావుంది నాన్నా." "ఆఫీసుకెళ్తున్నావా?" "వెళ్తున్నా నాన్నా." ఎనిమిది ఆదివారాలు అలా చెప్పాను. ఆ క్లయింటు దగ్గర డేటాబేసులు చూసే ఆయన, వెస్ట్‌ఫీల్డ్ వైపు మనిషి, నేను వెళ్ళిపోయే రోజున ఈ సీడీ చేతిలో పెట్టాడు. మా ఊరి కుర్రాళ్ళు, కారులో విను, ఇంట్లో విన్నావంటే రూమ్మేట్లు తంతారు అన్నాడు. పెట్రోలు దండగని తెలిసీ పార్కింగ్ లాటులో ఇంజను ఆన్ చేసి, హీటరు పెట్టుకుని వినేవాణ్ణి. మొదటి నాలుగుసార్లు తలనొప్పి వచ్చింది. ఐదోసారి ఎక్కడో అతుక్కుంది. అప్పుడు వీళ్ళ కథ వెతుక్కుని చదివితే ఆ ఈమెయిల్ సంగతి కనిపించింది. నా డ్రాఫ్టుల్లో కూడా ఒకటి ఉంది. "నాన్నా, నావల్ల కావట్లేదు, వచ్చేస్తాను" అని మొదలయ్యేది. మార్చిలో ఇంకో ప్రాజెక్టు దొరికింది. ఆ మెయిల్ పంపనూలేదు, చెరపనూలేదు.

ఇటు బృందం మునిగిపోలేదు. బ్లడ్ హాజ్ బీన్ షెడ్ అనే బృందంలో పాడుతున్న హోవర్డ్ జోన్స్‌ని తెచ్చుకున్నారు. నిండు గొంతు, చర్చి ఆర్గన్ లాంటిది. ఆడమ్ డ్రమ్ములు వదిలి పూర్తిగా గిటారుకి మారాడు. 2004లో ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్ వచ్చింది, టైటిల్ పాట రెసిడెంట్ ఈవిల్ సినిమాకి వెళ్ళింది, 2005 గ్రామీలకి నామినేషనూ తెచ్చుకుంది. అమ్మకాలూ బాగా జరిగాయి. ఇప్పటికీ లీచ్ గొప్పా జోన్స్ గొప్పా అని కొట్టుకునేవాళ్ళున్నారు. పాటల పోలికలో జోన్స్ మెరుగైన గాయకుడు, ఒప్పుకుంటాను. కానీ 2002 ఆల్బంలో ఒక గొంతు తన్ను తాను ఖర్చుపెట్టేసుకోవడం వినిపిస్తుంది. అది మళ్ళీ చెయ్యమన్నా ఎవరూ చెయ్యలేరు, చెయ్యకూడదు కూడా.

ఈలోగా ఆడమ్ ఆ వైపు బృందాలకి ఆస్థాన ప్రొడ్యూసరయ్యాడు. అనర్త్, ఆల్ దట్ రిమెయిన్స్ వాళ్ళ మంచి ఆల్బమ్‌లు ఆయన చేతి మీదుగా వచ్చినవే. వుస్టర్‌లో పల్లాడియం అనే పాత థియేటర్లో 1999 నుంచి జరిగిన మెటల్ తిరునాళ్ళకి వేరే రాష్ట్రాల నుంచి జనం కార్లేసుకుని వచ్చేవాళ్ళు. కొరడాల ఊరికి కొత్త సరుకు దొరికింది.

లీచ్ మెల్లిగా కోలుకున్నాడు. స్నేహం చెడలేదు. 2007లో ఇంగ్లాండు పర్యటనలో ఆడమ్‌కి వెన్నుపూస ఆపరేషనైతే, ఆసుపత్రి మంచం మీద కట్టుకున్న బాణీలకి గొంతివ్వమని పిలిచింది లీచ్‌నే. అవి టైమ్స్ ఆఫ్ గ్రేస్ పేరుతో 2011లో ఆల్బంగా వచ్చాయి. 2012 మొదట్లో జోన్స్ వదిలి వెళ్ళాడు, మధుమేహం ఆయన్ని బాగా కుంగదీసింది. పదేళ్ళ తర్వాత లీచ్ తిరిగొచ్చి తన పాటలతో పాటు తన స్థానంలో వచ్చినవాడి పాటలూ పాడడం మొదలుపెట్టాడు. 2018లో గొంతుకి ఆపరేషను చేయించుకుని, ఈసారి అరవడం పద్ధతిగా మొదట్నించీ నేర్చుకున్నాడు. మరుసటేడు, అంటే అమ్మా నాన్నా వచ్చిన వేసవిలోనే, ది సిగ్నల్ ఫైర్ అనే పాటలో పాత గాయకుడూ మధ్యలో వచ్చిన గాయకుడూ కలిసి పాడారు. 2025లో కూడా ఆల్బం తెచ్చారు, లీచే పాడాడు.

ఇదంతా నేను కారులో నాన్నకి ముక్కలు ముక్కలుగా చెప్పాను. "ఏడాది కూడా లేదు నాన్నా, పోయింది. పదేళ్ళకి మళ్ళీ వచ్చింది" అన్నాను. నాన్న కాసేపు కిటికీలోంచి చూసి, "అదృష్టవంతుడు" అన్నారు. తర్వాత, నా ముప్పై ఏళ్ళ జీవితంలో ఎప్పుడూ చెప్పనిది చెప్పారు. నాన్న మొదట హార్మోనిస్టు కాదట. ఇరవైనాలుగేళ్ళప్పుడు నక్షత్రకుడు వేసేవారట, పద్యానికి పేరట. ఒక శివరాత్రికి జలుబుతో, జ్వరంతో, ఒకే రాత్రి రెండు ఊళ్ళల్లో రెండు నాటకాలు ఒప్పుకున్నారు. రెండో చోట కాటి సీను ముందే గొంతు పూడుకుపోయింది. మళ్ళీ ఆ పైస్థాయి రాలేదు. "పద్యం బాగుంటే వన్స్ మోర్ కొడతారు. గొంతు పోయిందంటే హార్మోనీ పెట్టె చేతికిస్తారు. అదీ మంచిదేలే" అన్నారు. వెనక నుంచి అమ్మ "ఇప్పుడవన్నీ ఎందుకండీ" అంది. అమ్మకి తెలుసన్నమాట.

నేను డ్రాఫ్టులో ఉన్న మెయిల్ సంగతి చెప్పాను, ఎనిమిది ఆదివారాల సంగతి చెప్పాను. నాన్న కోప్పడలేదు. "పంపించాల్సిందిరా. రమ్మనేవాణ్ణేగా" అన్నారు. ఎగ్జిట్ దాటిపోయి, ఇంకో నాలుగు మైళ్ళు వెళ్ళి వెనక్కి తిరగాల్సొచ్చింది.

సరే, ఎవరు వినొచ్చు దీన్ని? ఐరన్ మెయిడెన్ 2007లో బెంగుళూరు వచ్చినప్పుడు ప్రాజెక్టు ఎగ్గొట్టి వెళ్ళినవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, వాళ్ళ దగ్గర ఈపాటికే ఉంటుంది. మెటల్ అంటే పడదుగానీ కీరవాణి అంటే చెవి కోసుకునేవాళ్ళు ఒకసారి ప్రయత్నించండి. ఎత్తుకున్న పద్యానికి కళ్ళు చెమ్మగిల్లే అలవాటున్నవాళ్ళు తప్పకుండా వినండి. అరుపు వినిపించగానే ఇంట్లో గొడవ గుర్తొచ్చేవాళ్ళు జోలికి పోవద్దు, అది మీ తప్పు కాదు. చంటిపిల్లలున్న ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. రాత్రిపూట తిరగబడ్డ సర్వర్ని బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళకి మటుకు ఇంతకన్నా మంచి తోడు నాకు తెలీదు. ఎందుకో బగ్గు తొందరగా దొరుకుతుంది.

మొదటి పాట నుంచి మొదలుపెట్టకండి, బెదిరిపోతారు. నాలుగోది మై లాస్ట్ సెరనేడ్ వినండి. నచ్చితే మూడోది ఫిక్సేషన్ ఆన్ ది డార్క్‌నెస్, తర్వాత ఆరోది, జస్ట్ బేర్లీ బ్రీదింగ్. పదకొండోది మాటల్లేని చిన్న ముక్క, దాని వెంటనే పన్నెండోది రైజ్ ఇన్‌సైడ్. ఆ రెండూ విడదీయకుండా వినాలి. నాన్న ఉన్న మూణ్ణెల్లూ, సాయంత్రం నడక నుంచి రాగానే "ఆ పదకొండోది పెట్టరా, గొడవ లేకుండా ఉంటుంది" అనేవారు. పన్నెండోది మొదలవగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి వాల్యూమ్ తగ్గించి వెళ్ళేది.